రెండు తెలుపుల్లో ఏది?

ఒంగోలులో కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు పెద్ద సంగతులన్నీ చకచకా తేల్చేస్తారు. సిమెంటు ఏ కంపెనీది, ఇటుక ఎక్కడిది, మెట్లు ఏ దిక్కున అన్నవి మేస్త్రితో ఒక పూట కూర్చుంటే తేలిపోతాయి. పని ఆగేది చిట్టచివర, గోడ రంగు దగ్గర. అదీ ఎరుపా నీలమా అని కాదు. షేడ్ కార్డులో పక్కపక్కనే ఉన్న రెండు తెలుపుల దగ్గర. ఒకదాన్ని మనవాళ్లు హాఫ్ వైట్ అంటారు, రెండోదాన్ని ఐవరీ అంటారు. కార్డు మీద కంపెనీ పెట్టుకున్న పేర్లు వేరే ఉన్నా కొట్లో అడిగేది ఈ పేర్లతోనే.

అప్పటికే పెయింటరు లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, నిచ్చెన పక్కన కూర్చుని ఉంటాడు.

“ఏదో ఒకటి చెప్పండమ్మా. రెండూ ఒకటే గదా, వేశాక ఎవరికీ తెలవదు.”

“ఒకటే అయితే రెండు పేర్లెందుకు పెట్టారయ్యా మరి?”

కొత్త ఇళ్లు లేస్తున్న ఏ వీధిలోనైనా ఇలాంటి మాటలు వినిపిస్తాయి. ఇల్లాలు అడిగింది న్యాయమైన ప్రశ్న. రెండూ ఒకటి కావు. వేశాక తెలుస్తుంది కూడా. కాకపోతే తెలిసేది పెయింటరు లెక్క చూసుకుని వెళ్లిపోయాక, ఏదో ఒక రాత్రి హాల్లో లైటు వేసినప్పుడు. అప్పుడు మార్చాలంటే బీరువాలు జరపాలి, మంచాలు విప్పాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. ఏళ్ల తరబడి పొద్దున లేవగానే కనిపించే గోడ అది. ఇంత చిన్న తేడా మీద ఒక ఇల్లు వారం రోజులు తర్జనభర్జన పడిందంటే నాకు అది అతిగా అనిపించదు. ఆ వారాన్ని కొట్లో కార్డుల ముందు కాకుండా సొంత గదిలో, సరైన వేళ గడపాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

డబ్బాలో ఏముంది

ఈనాటి తెల్లరంగులకు ఆధారం టైటానియం డయాక్సైడ్ అనే పొడి. 20వ శతాబ్దం మొదటి భాగంలో అది మార్కెట్లోకి వచ్చాక, సీసంతో చేసే విషపు తెలుపు క్రమంగా తప్పుకుంది. దాని ముడి ఖనిజాల్లో ముఖ్యమైన ఇల్మనైట్ మన కోస్తా ఇసుకలోనే ఉంది. భీమునిపట్నం వైపు ఒడ్డున చారలు చారలుగా కనిపించే నల్ల ఇసుకలో అది ఉంటుంది. అంత నల్లటి ఖనిజం నుంచి అంత తెల్లటి పొడి తీస్తారు.

కొట్లో మిక్సింగ్ మిషన్ కింద పెట్టే డబ్బాలో ముందు ఈ తెలుపే ఉంటుంది. మిషన్ అందులోకి కొన్ని చుక్కలు వదులుతుంది: పసుపు ఆక్సైడు, ఎర్ర ఆక్సైడు, నలుపు. పసుపు ఎక్కువ పడితే ఐవరీ వైపు పోతుంది. పసుపు తగ్గి నలుపు కాస్త పడితే హాఫ్ వైట్. ఆ నలుపే ఇంకొంచెం పెరిగితే ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో నడుస్తున్న లేత సిమెంటు కలర్. ఎర్ర ఆక్సైడు చుక్క పడితే గంధం, బిస్కెట్ చాయలు వస్తాయి. పక్కపక్క షేడ్లలో డబ్బాలోని తెలుపు దాదాపు సమానం. తేడా అంతా చుక్కల్లో ఉంటుంది.

చుక్కల తేడా గోడ మీదకొచ్చేసరికి అంతగా ఎందుకు పెరుగుతుంది? కార్డు మీది అంగుళం ముక్క తన మీద పడ్డ వెలుతురును ఒక్కసారి తిప్పి పంపి ఊరుకుంటుంది. గది అలా ఊరుకోదు. ఐవరీ గోడ మీద పడ్డ వెలుతురులో నీలం కొంత అక్కడే ఇంకిపోతుంది. మిగిలిన వెలుతురు కాస్త పసుపెక్కి ఎదుటి గోడను తాకుతుంది. ఆ గోడా ఐవరీయే కాబట్టి మరికొంత నీలాన్ని మింగి ఇటు పంపుతుంది. నాలుగు గోడల మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగినకొద్దీ పసుపు చిక్కబడుతుంది. కార్డులో వెన్నలా కనిపించింది గదిలో కాచిన నెయ్యిలా అవుతుంది. కిటికీ చిన్నదై, తలుపులు మూసి ఉండే గదిలో ఇది మరీ ఎక్కువ.

కంపెనీల షేడ్ పుస్తకాల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. గోడ మీద నూరుపాళ్ల వెలుతురు పడితే ఎన్ని పాళ్లు తిరిగి వస్తుందో చెప్పే అంకె అది. హాఫ్ వైట్, ఐవరీ లాంటివి ఎక్కువగా 70కీ 85కీ మధ్య ఉంటాయి. గది ఎంత వెలుగ్గా ఉంటుందో తెలుసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. తిరిగొచ్చే వెలుతురులో పసుపెంతో మాత్రం అది చెప్పదు. ఎల్‌ఆర్‌వీ ఒకటే అయిన రెండు రంగులు గోడ మీద వేరువేరు ఇళ్లుగా కనిపించవచ్చు. కావలసింది రెండో అంకె.

పత్తి కొనేవాడి కన్ను

ఆ రెండో అంకె గుంటూరు, ప్రకాశం జిల్లాలకు కొత్తది కాదు. పత్తి బేళ్ల వ్యాపారంలో అది రోజూ నలిగే మాట. జిన్నింగ్ మిల్లులో బేలు నుంచి తీసిన నమూనాను హెచ్‌వీఐ యంత్రంలో పెడితే పోగు పొడవు, బలంతో పాటు రంగుకు రెండు అంకెలు వస్తాయి. ఒకటి ఆర్‌డీ, దూది ఎంత వెలుతురు తిప్పి పంపుతోందన్న లెక్క. రెండోది ప్లస్ బీ, అందులో పసుపు ఎంతన్న లెక్క. ఆర్‌డీ సాధారణంగా 70, 80 ప్రాంతంలో ఉంటుంది. మన హాఫ్ వైట్ గోడలు ఉండేదీ దాదాపు ఆ మెట్టులోనే. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన రంగుల శాస్త్రవేత్త డొరోతీ నికర్సన్, రిచర్డ్ హంటర్‌తో కలిసి 1950 ప్రాంతంలో పత్తి రంగును కొలిచే యంత్రాన్ని రూపొందించారు. పత్తి తెలుపును రెండు అంకెల్లో చెప్పే పద్ధతి ఆ దారిలో స్థిరపడింది. ప్రపంచంలో ఎక్కడి దూదినైనా ఇప్పుడు ఆ భాషలోనే మాట్లాడతారు.

యంత్రం లేకపోయినా ఇక్కడి రైతుకు ఆ తేడా కంటితోనే తెలుసు. తొలి తీత పత్తి తెల్లగా విచ్చుకుంటుంది. పోనుపోను తీతల్లో రంగు దిగుతుంది. విచ్చిన కాయ మీద వాన పడితే దూది మాసినట్టయి పసుపో బూడిదో ఎక్కుతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలో ఉన్న పత్తికి జరిగింది ఇదే. కొనుగోలు కేంద్రంలో ‘రంగు మారింది’ అన్న ఒక్క మాట రైతు ఏడాది కష్టం మీద పడుతుంది. ఇక్కడ తెలుపులో తేడా అలంకారానికి సంబంధించిన సంగతి కాదు. బియ్యానికి, బడి ఫీజుకు సంబంధించినది. పొగాకూ అంతే. ఒంగోలు వేలం కేంద్రాల్లో బ్రైట్, మీడియం, లోగ్రేడ్ అని చెక్కులు విడిపోవడంలో ఆకు రంగుకు పెద్ద వాటా ఉంది. గుంటూరు మిరప ఎగుమతికి పోతే ఎరుపును ఆస్టా అంకెల్లో కొలుస్తారు. కంటితో రంగు తూచి బతికే మైదానం ఇది. అలాంటి చోట గోడ దగ్గరికొచ్చేసరికి ‘రెండూ ఒకటే’ అనుకోవడం నాకు మింగుడు పడదు.

పత్తి చూసేవాడి అలవాట్లు రెండు మన ఇంటికి పనికొస్తాయి. అతను దూదిని ఒంటరిగా చూడడు, పక్కన రకం తెలిసిన నమూనా ఉంచుకుని చూస్తాడు. ఇంట్లో ఆ నమూనా తెల్ల జిరాక్స్ కాగితం. రెండు షేడ్లనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే కన్ను తికమకపడుతుంది. ఒక్కోదాన్నీ కాగితం పక్కన పెడితే లోపలి చాయ బయటపడుతుంది: ఒకటి పసుపు, ఒకటి బూడిద, ఒక్కోసారి అనుకోని ఆకుపచ్చో గులాబీయో. జిరాక్స్ కాగితంలో మెరుపు కోసం ఒక రసాయనం కలుపుతారు కాబట్టి పగటి వెలుతురులో అది కాస్త నీలం వైపు ఉంటుంది. దాని పక్కన పసుపు మరింత గట్టిగా పలుకుతుంది. మనకు కావలసిందీ అదే.

రెండో అలవాటు వెలుతురుది. పత్తిని చేతితో గ్రేడు చేసే రోజుల్లో ఉత్తర గోళపు దేశాల్లో ఆ గదులకు ఉత్తరం వైపు కిటికీలు, పైకప్పు అద్దాలు పెట్టేవారు. ఆ దిక్కు వెలుతురు రోజంతా పెద్దగా మారదని. ఈ అలవాటును ఒంగోలులో మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

నీలిమందు

మన ముందు తరానికీ రెండు తెలుపులు ఉండేవి. వాళ్ల తెలుపు సున్నం. పలనాటి సున్నపురాయిని పిడుగురాళ్ల బట్టీల్లో కాలిస్తే రాయిలోని బొగ్గుపులుసు గాలి పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే అది కుతకుతా ఉడికి తడి సున్నం అవుతుంది. గోడకు పూసినప్పుడు నీళ్లలా పలచగా, రంగే లేనట్టు ఉంటుంది. ఆరేకొద్దీ గాలిలోని ఆ వాయువునే తిరిగి పీల్చుకుని మళ్లీ రాయవుతూ తెల్లబడుతుంది. సాయంత్రం వేసిన గోడ తెల్లారేసరికి తెల్లబడటం చూసినవాళ్లు ఆ తెలుపును మర్చిపోలేరు.

ఉత్త సున్నంలో లీలగా పసుపు మిగులుతుంది. అందుకే సంక్రాంతికో పెళ్లికో వెల్ల వేసేటప్పుడు బకెట్లో నీలిమందు కలిపేవాళ్లు. నీలం పసుపును కొడుతుంది. నిజానికి కొలిస్తే గోడ కాస్త నల్లబడుతుంది, కంటికి మాత్రం తెల్లబడినట్టు ఉంటుంది. పంచెలకు నీలం పెట్టడమూ ఇదే పని. ఎంత కలపాలన్నది ఆ ఇంటి పెద్దామె చెప్పేది. ఎక్కువైతే గోడ నీలంగా మిగిలిపోయేది, తక్కువైతే పాతదానిలా ఉండేది.

ఆ గోడలు చూసిన దీపాలు వేరు. కిరసనాయిలు బుడ్డి, ఆ తర్వాత పచ్చగా వెలిగే ఫిలమెంటు బల్బు. రెండూ పసుపు దీపాలే. పసుపు దీపం కింద నీలం కలిపిన గోడ తెల్లగా నిలబడేది. ఆ ఆడవాళ్లు దీపం రంగు చెప్పే కెల్విన్ లెక్కలు చదవలేదు, గోడను దీపానికి జత చేశారు. మనం ఆ జతను మర్చిపోయి గోడను కార్డుకు జత చేస్తున్నాం.

ముందు బల్బు, ఆ తర్వాత రంగు

పాత ఫిలమెంటు బల్బు వెలుతురు 2,700 కెల్విన్ ప్రాంతం, పచ్చనిది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంతో ఎల్‌ఈడీ బల్బు చవకై ఇంటింటికీ చేరింది. ఇప్పుడు మన కొట్లలో తెల్ల లైటు కావాలంటే అందించేది ఎక్కువగా 6,500 కెల్విన్‌ది, నీలం మొగ్గు ఉన్నది. ఒక తరంలో ఇంటి దీపం పసుపు నుంచి నీలానికి మారింది. గోడ రంగు గురించి మనం మాట్లాడుకునే తీరు మాత్రం మారలేదు.

నీలం మొగ్గున్న ట్యూబు కింద నలుపు చుక్క పడిన హాఫ్ వైట్ చల్లగా, ఆస్పత్రి వార్డులా అవుతుంది. లేత సిమెంటు కలర్ ఇంకా దారుణం, నీలి బూడిదగా మారి భోజనాల బల్ల మీది అన్నం కూరలు కూడా వెలవెలబోతాయి. అదే ట్యూబు కింద ఐవరీ తన పసుపును కొంత పోగొట్టుకుని తెలుపుకు దగ్గరగా నిలుస్తుంది. బల్బు పచ్చనిదైతే కథ తిరగబడుతుంది. ఐవరీ ముదిరిపోతుంది, హాఫ్ వైట్ మెత్తబడి వెచ్చగా ఉంటుంది. రంగులను సరిగా చూపించలేని నాసిరకం ఎల్‌ఈడీల కింద ఐవరీలో ఆకుపచ్చ తొంగిచూస్తుంది. బల్బు కొనేటప్పుడు పెట్టె మీద, రంగులను ఎంత సరిగా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ అంకె 80కి తగ్గకుండా చూసుకోవాలి, 90 ఉంటే మరీ మంచిది.

అందుకే వరస మార్చమంటాను. ముందు ఆ గదిలో ఏ లైటు ఉంటుందో ఖాయం చేసుకుని, అది బిగించి, వెలిగించి, ఆ తర్వాత రంగు తేల్చాలి. చాలా ఇళ్లలో జరిగేది తలకిందులు. రంగు అయ్యాక ఎలక్ట్రీషియన్ వచ్చి తన సంచిలో ఉన్న లైట్లు బిగించి పోతాడు. ఇప్పటికే రంగు వేయించుకుని నచ్చక బాధపడేవాళ్లు కూడా నిచ్చెన తెప్పించే ముందు ఒకసారి బల్బు మార్చి చూడండి. 4,000 కెల్విన్ రకం, మధ్యస్తపు తెలుపు, అడిగితే దొరుకుతుంది. ఖర్చు వందల్లో తేలే పని అది.

పగలు చూస్తే చాలదా అని అడగవచ్చు. ఒంగోలు పగళ్ల సంగతి మనకు తెలుసు. మార్చి దాటితే పది గంటలకల్లా కిటికీలు మూసి కర్టెన్లు లాగేస్తాం. రోహిణి కార్తెలో సాయంత్రం దాకా తెరవం. ఆ వేళ హాల్లో ఉండేది కర్టెన్ గుడ్డ వడకట్టిన వెలుతురు. మెరూన్ కర్టెన్ అయితే ఏ తెలుపైనా గులాబీ అవుతుంది. ఇంటిల్లిపాదీ హాల్లో కలిసి కూర్చునేది దీపం పెట్టాకే, బడి నుంచి పిల్లలు, కొట్టు నుంచి పెద్దవాళ్లు వచ్చాక. కాబట్టి హాలు గోడకు ఆఖరి మాట రాత్రి ఎనిమిది గంటల వెలుతురుదే. పెయింటరు మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ బార్లా తీసి చూపించేది మనం ఎన్నడూ కాపురం చేయని ఇల్లు.

సంక్రాంతి సూర్యుడు, మే సూర్యుడు

ఇప్పుడు ఉత్తరం కిటికీ సంగతి. ఒంగోలు ఉన్నది 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. కర్కటరేఖకు బాగా దిగువన. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిన ఉంటాడు. ఆ రెంటి మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా ఉదయించేదీ అస్తమించేదీ కూడా ఉత్తరానికి జరిగే. యూరపువాళ్ల పుస్తకాలు చూసి ఉత్తరపు గదిలో నీలి వెలుతురే ఉంటుందనుకుంటే అది ఇక్కడ చలికాలానికే చెల్లుతుంది. ఎండాకాలం ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి పచ్చటి ఏటవాలు ఎండ లోపలికి వస్తుంది.

మనం రంగులు వేయించేదేమో ఎక్కువగా సంక్రాంతికి ముందో, మాఘమాసం పెళ్లిళ్లకో. అప్పుడు సూర్యుడు దక్షిణాన దిగువగా ఉంటాడు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 51 డిగ్రీల ఎత్తుకు మించడు. సన్‌షేడ్ కింది నుంచి దూరి ఎండ దక్షిణపు గదిలోకి వచ్చి నేల మీద పరుచుకుంటుంది. ఆ వెలుతురులో నచ్చిన రంగు మేలో దక్షిణపు ఎండ ఆగిపోయి, ఉత్తరపు ఎండ మొదలయ్యాక వేరేగా కనిపిస్తుంది. పండగ ముందు ఎంచుకునేవాళ్లు దక్షిణపు గది ఇప్పటికన్నా చల్లబడుతుందని, ఉత్తరపు గది ఇప్పటికన్నా వేడెక్కుతుందని కలుపుకుని చూడాలి.

పడమటి గదికి నా సలహా సూటిగా ఉంటుంది: ఐవరీ వద్దు. నాలుగు దాటాక వచ్చే ఎండ చాలినంత పసుపు తెస్తుంది.

నేల కూడా రంగు వేస్తుంది

గోడ ఎదుట ఏమున్నదో గోడ అది అవుతుంది. కిటికీ బయట వేపచెట్టు ఉంటే లోపలి గోడకు లేత పచ్చ, ఎదురింటివాళ్లు నారింజ రంగు వేస్తే మన వరండాకు దాని నీడ. అన్నిటికన్నా పెద్ద పాత్ర నేలది. మీగడ రంగు టైల్సు పరిస్తే అవి కింది నుంచి పసుపు వెలుతురు పైకి విసురుతాయి. అక్కడ ఐవరీ వేస్తే పసుపు మీద పసుపు.

మన పక్కనే చీమకుర్తి ఉంది. అక్కడి గెలాక్సీ గ్రానైట్, నల్లటి రాతిలో బంగారు రవ్వలు మెరిసేది, దేశదేశాలకు పోతోంది. ఆ రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. ఆ రాయి పరిచిన హాల్లో నేల వెలుతురు తిప్పి పంపదు, మింగేస్తుంది. నల్లటి నేల పక్కన ఏ తెలుపైనా ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. ఇంత నలుపు ఎదుట హాఫ్ వైట్‌కు వెచ్చదనం చాలదు. ఐవరీ ఆ బంగారు రవ్వలతో కలుస్తుంది. గ్రానైట్ నేల ఉన్న ఇంటికి నేను ఐవరీ వైపే మొగ్గుతాను.

పక్కనున్నది పక్కదాని రంగు మార్చడం గురించి గట్టిగా ఆలోచించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్. 1824లో ఆయన పారిస్‌లో గోబ్లాఁ తివాచీల కర్మాగారానికి అద్దకాల అధిపతిగా చేరాడు. అక్కడి నల్ల దారం పేలవంగా ఉంటోందని ఫిర్యాదు. అద్దకం పరీక్షిస్తే లోపం లేదు. ఆ నలుపు నీలం, ఊదా దారాల పక్కన పడుతోంది కాబట్టి కంటికి చప్పబడుతోందని ఆయన గుర్తించాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. మన ఇంట్లో ఆ పాఠం తలుపుల దగ్గర, సీలింగు దగ్గర అక్కరకొస్తుంది. సీలింగుకు స్వచ్ఛమైన తెలుపు వేసి గోడకు ఐవరీ వేస్తే ఆ తెలుపు పక్కన ఐవరీ మరింత పచ్చబడుతుంది. చాయ తగ్గాలంటే సీలింగుకు హాఫ్ వైట్ వేయించండి. తలుపులకు తెల్ల ఎనామిల్ వేయిస్తే, ఆయిల్ రంగు కాబట్టి, ముఖ్యంగా చీకటి గదుల్లో ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపెక్కుతుంది. ఈ రోజు గోడతో సరిపోయిన తలుపు రేపు సరిపోదు. టేకు తలుపైతే ఈ బాధ లేదు.

గోడలో చెమ్మ ఉన్నా, చవుడు పూస్తున్నా ఈ ఆలోచనంతా పక్కన పెట్టి ముందు అది బాగు చేయించాలి. ఏ తెలుపూ దాని మీద నిలవదు.

ఎవరి కళ్లతో

ఇంట్లో ఒకరికి తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఇంకొకరు తేడా ఎక్కడుందంటారు. కోడలు మొండికేస్తోందని అత్తగారు, అత్తగారు పట్టించుకోవట్లేదని కోడలు నొచ్చుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. వయసు పైబడేకొద్దీ కంటిలోని కటకం పసుపెక్కుతుంది. నీలపు వెలుతురు లోపలికి తక్కువ చేరుతుంది. తేలికపాటి పసుపులను ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం డెబ్బై ఏళ్ల కంటికి కష్టం. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చాలామంది పెద్దవాళ్లు అదే గోడను చూసి ఇంత తెల్లగా ఉందా అంటారు, కొన్నాళ్లపాటు అన్నీ నీలంగా ఉన్నాయంటారు. చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో, 82 ఏళ్ల వయసులో, ఈ ఆపరేషన్ చేయించుకుని రంగులన్నీ మారిపోయాయని ఎంతో ఇబ్బంది పడ్డాడు.

ఇందులోంచి నేను తీసుకునేది ఒకటే. పెద్దవాళ్ల గదిలో చాయ గురించి వాదన మాని ఎల్‌ఆర్‌వీ ఎక్కువున్నదాన్ని వేయించాలి. వాళ్ల కంటికి చేరే వెలుతురే తక్కువ. చాయ కన్నా వెలుగు వాళ్లకు ముఖ్యం. రాత్రి లేచినప్పుడు గోడ, గడప, మంచం అంచు విడివిడిగా కనబడాలి. అంటే గోడ తెల్లగా, తలుపు చట్రం ముదురుగా ఉండాలి. అందం ఆ తర్వాత.

అట్ట మీద వేసి చూడండి

పిల్లలు డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే ఎంపిక వాట్సాప్ వీడియో మీద జరుగుతోంది. “అమ్మా, ఎడమవైపుది బాగుంది, అదే వేయించు” అని అక్కడి నుంచి చెబుతారు. ఆప్యాయతే, కానీ ఆ చూపు నమ్మదగింది కాదు. ఫోను కెమెరా తన ముందున్న వెలుతురును తనంతట తానే తెలుపుకు సరిచేసుకుంటుంది. ఐవరీలోని పసుపును తీసేయడమే దాని పని. ఫోను కాస్త పక్కకు తిప్పితే రంగు మారిపోవడం మీరూ గమనించి ఉంటారు. పైగా అవతలి తెర రంగు వేరే. పిల్లల మాట కావాలంటే సోఫా గుడ్డ గురించి అడగండి.

చేయవలసింది కష్టమైనది కాదు. రెండు షేడ్లలోనూ దొరికినంత చిన్న డబ్బా కలిపించండి. మందపాటి అట్టలో ప్లైవుడ్ ముక్కలో రెండడుగులవి తీసుకుని, ప్రైమరు వేసి, ఒక్కోదానికి రెండు కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద ఎమల్షన్ రంగు వేరు, ఆరాక వేరు. నేరుగా గోడ మీద పక్కపక్కన మచ్చలుగా వేసి చూడటం మనవాళ్ల అలవాటు. పాత రంగో ప్రైమరు తెలుపో చుట్టూ ఉండి మోసం చేస్తుంది. అట్ట అయితే కిటికీ ఉన్న గోడకు, కిటికీ ఎదుటి గోడకు, సోఫా వెనక మూలకు మార్చి మార్చి ఆనించవచ్చు. నిలువుగానే ఆనించాలి, బల్ల మీద పడుకోబెట్టి చూస్తే వెలుతురు పడే తీరే మారిపోతుంది. రెంటినీ ఒకేసారి పెట్టవద్దు. ఒక రోజు ఒకటి ఉంచి, పొద్దున, సాయంత్రం, రాత్రి లైటు కింద వచ్చేపోయేటప్పుడు చూడండి. మర్నాడు రెండోది. ఒకే రంగు వేసిన రెండు అట్టలను మూలలా ఎదురెదురుగా నిలబెడితే, గోడకు గోడ పసుపెక్కించే తీరు కూడా కొంత కనబడుతుంది.

రెండూ నచ్చితే పసుపు తక్కువున్నదాన్ని తీసుకోండి. పసుపు కావాలంటే బల్బు తెస్తుంది, కర్టెన్ తెస్తుంది, ఎండ తెస్తుంది. గోడలో కలిసిన పసుపును ఎవరూ తీయలేరు. ట్యూబులైటు తప్ప ఇంకేదీ వాడనివాళ్లకు, గ్రానైట్ నేల ఉన్నవాళ్లకు మాత్రం ఐవరీయే మేలని ముందే అన్నాను.

తేల్చుకున్నాక ఒక జాగ్రత్త. ఒక గదికి కావలసిన రంగంతా ఒకేసారి కలిపించి, డబ్బాలన్నిటినీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపి వేయమని పెయింటరుకు చెప్పండి. ఇంత లేత రంగుల్లో డబ్బాకూ డబ్బాకూ తేడా వస్తే గోడ మధ్యలో గీతలా తెలుస్తుంది. మిక్సింగ్ చీటీని పారేయకుండా ఫోటో తీసి పెట్టుకోండి. అర లీటరు మిగిలితే మూత బిగించి, గది పేరు, తేదీ రాసి అటక మీద ఉంచండి. కొన్ని నెలల్లోపు పడిన గీతకు అది పనికొస్తుంది. ఏళ్లు గడిచాక మాత్రం మచ్చ మీద మచ్చ వేయించవద్దు. గోడ రంగు అప్పటికి మారి ఉంటుంది, అతుకు కనబడుతుంది. ఆ ఒక్క గోడను మూల నుంచి మూల దాకా తిరిగి వేయించండి.